పీపీఎం లెక్కలో హారం ఎంత ముఖ్యం?

శాతం నూటికి కట్టే లెక్క అయితే, పీపీఎం (పార్ట్స్ పర్ మిలియన్) పది లక్షలకు కట్టే లెక్క. అంటే ఒక శాతం 10,000 పీపీఎంకు సమానం. కిలోగ్రాములో పది లక్షల మిల్లీగ్రాములు ఉంటాయి కాబట్టి, కిలో పదార్థంలో ఒక మిల్లీగ్రాము మలినం ఉంటే అది 1 పీపీఎం అవుతుంది. 250 గ్రాముల నమూనాలో 0.5 మిల్లీగ్రాముల సీసం దొరికిందనుకుందాం. 0.0005 గ్రాములను 250తో భాగించి పది లక్షలతో హెచ్చవేస్తే 2 పీపీఎం వస్తుంది.

గుణకారంలో ఎవరూ పెద్దగా పొరబడరు. చిక్కంతా దేనితో భాగిస్తున్నామన్న దగ్గరే ఉంది. లీటరు నీరు దాదాపు కిలో తూగుతుంది కనుక, నీటి విషయంలో లీటరుకు ఒక మిల్లీగ్రామును 1 పీపీఎంగానే చెప్పుకుంటాం. తాగునీటిలో ఆర్సెనిక్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, అంటే 0.01 పీపీఎం. అయితే లీటరుకు 0.8 కిలోలే తూగే ద్రావకంలో అదే ఒక మిల్లీగ్రాము 1.25 పీపీఎం అవుతుంది. నూటికి 80 వంతులు నీరే ఉన్న బురదను తడిగా తూచినప్పుడు 2 పీపీఎంగా తేలిన సీసం, ఆరబెట్టి తూస్తే 10 పీపీఎంగా కనబడుతుంది. సీసం మాత్రం రవ్వంతైనా పెరగలేదు.

గాలి దగ్గరకు వచ్చేసరికి లెక్క బరువు నుంచి ఘనపరిమాణానికి మారుతుంది. గాలిలో 10 పీపీఎం కార్బన్ మోనాక్సైడ్ ఉందంటే, పది లక్షల లీటర్ల గాలిలో 10 లీటర్ల ఆ వాయువు ఉందని అర్థం. దీన్ని బరువులోకి మార్చడానికి అణుభారం 28తో హెచ్చవేసి, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సాధారణ వాతావరణ పీడనంలో ఒక మోల్ (అంటే అణుభారమంత గ్రాముల) వాయువు ఆక్రమించే 24.45 లీటర్లతో భాగించాలి. ఘనమీటరుకు సుమారు 11.5 మిల్లీగ్రాములు వస్తుంది. ఉష్ణోగ్రత చెప్పకుండా ఇచ్చిన మార్పిడి అసంపూర్ణమే.

అన్నిటికన్నా తరచుగా తికమక పెట్టేది నైట్రేట్ అని నా అభిప్రాయం. ఇక్కడ హారం సరిగానే ఉన్నా, లవంలో దేన్ని లెక్కించారో తెలియాలి. లీటరుకు 50 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉన్న నీటినే, అందులోని నైట్రోజన్‌ను మాత్రమే లెక్కించే ప్రయోగశాల 11.3గా రాస్తుంది. ఎందుకంటే 62 భాగాల నైట్రేట్‌లో నైట్రోజన్ వాటా 14 భాగాలే. రెండు నివేదికలను పక్కపక్కన పెట్టి పోల్చే ముందు, అంకె పక్కన ‘నైట్రోజన్‌గా’ అన్న మాట ఉందో లేదో చూసుకోవాలి.