స్కౌట్ ట్రూప్‌లో లీడర్‌గా చేరాలంటే: అపోహలు - వాస్తవాలు

ట్రూప్‌లో, అంటే స్కౌట్ పిల్లల దళంలో, లీడర్‌గా చేరమని పెద్దవాళ్లను అడిగితే వచ్చే జవాబులు దాదాపు ఒకేలా ఉంటాయి. "నాకు ఆ ముడులవీ రావండీ." "పిల్లల్ని అదుపులో పెట్టడం నా వల్ల కాదు." "టైం ఎక్కడుందండీ?" వీటన్నిటి వెనకా ఉన్న ఊహ మాత్రం ఒక్కటే: స్కౌట్ లీడర్ అంటే ముందు నిలబడి అన్నీ తనే చేసి చూపించే మనిషి అని. చాలాకాలంగా ఈ పనిలో ఉన్నాను. నాకు తెలిసి ఇందులో అన్నిటికన్నా కష్టమైనది, పిల్లలు ఒక పని చేస్తుంటే మధ్యలో చెయ్యి పెట్టకుండా నిలబడటం. ఆ సంగతి ముందే తెలియకపోవడం వల్ల మంచి మంచి మనుషులు రాకుండా ఆగిపోతున్నారు. వచ్చినవాళ్లలో కొందరు అన్నీ తమ నెత్తినే వేసుకుని, అలిసిపోయి మానేస్తున్నారు.

అపోహ: ముడులు, టెంట్లు, మ్యాపులు అన్నీ ముందే వచ్చి ఉండాలి

మొదట్లో అవసరమయ్యే ముడులు అరడజను కూడా ఉండవు. రీఫ్ నాట్, షీట్ బెండ్, క్లోవ్ హిచ్, బోలైన్, రౌండ్ టర్న్ అండ్ టూ హాఫ్ హిచెస్. ఓ తాడు ముక్క జేబులో పెట్టుకుని తిరిగితే నాలుగు రోజుల్లో వచ్చేస్తాయి. ముడి వేయడం కన్నా దాన్ని ఎక్కడ వాడాలో తెలియడం ముఖ్యం. రీఫ్ నాట్ చదునుగా ఉంటుంది కాబట్టి బ్యాండేజీ కట్టడానికి బాగుంటుంది. బరువు మోయాల్సిన రెండు తాళ్లను కలపడానికి మాత్రం దాన్ని నమ్మకూడదు, జారిపోతుంది. ఒకటి లావు, ఒకటి సన్నం అయిన తాళ్లను కలపాలంటే షీట్ బెండ్ వేయాలి.

ఇవేవీ రాకుండానే చేరవచ్చు. పెద్దలకు శిక్షణ ఇవ్వడం స్కౌటింగ్‌లో ఎప్పటి నుంచో ఉంది. ఇంగ్లండ్‌లోని గిల్వెల్ పార్క్‌లో లీడర్లకు శిక్షణ ఇచ్చే మొదటి వుడ్ బ్యాడ్జ్ కోర్సు 1919లోనే జరిగింది. పైగా ట్రూప్‌లో పెద్ద స్కౌట్లు ఉంటారు. కొత్త లీడర్ వాళ్ల పక్కన కూర్చుని "నాకూ నేర్పవా" అని అడిగితే ఆ పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. నేర్పేవాడికి ఆ విద్య ఇంకా గట్టిపడుతుంది కూడా.

అపోహ: ట్రూప్‌ను నడిపేది లీడరే

దీని గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే మిగతా అపోహలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

1907 ఆగస్టులో స్కౌటింగ్‌ను మొదలుపెట్టిన బేడెన్ పావెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో సుమారు 20 మంది అబ్బాయిలతో మొదటి ప్రయోగ శిబిరం పెట్టారు. పేరున్న స్కూళ్లలో చదివే పిల్లలూ, మామూలు కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలూ అందులో కలిసి ఉన్నారు. వాళ్లను వుల్ఫ్, బుల్, కర్లూ, రేవెన్ అని నాలుగు పాట్రోళ్లుగా విడదీసి, ఒక్కో పాట్రోల్‌ను ఒక్కో కుర్రాడి చేతిలో పెట్టారు. ఆ పద్ధతే ఇప్పటికీ స్కౌటింగ్‌కు వెన్నెముక. ఆరు నుంచి ఎనిమిది మంది ఉండే చిన్న బృందం, దానికి పిల్లల్లోనే ఒక లీడర్. పాట్రోల్ లీడర్లంతా కూర్చుని ఏం చేయాలో నిర్ణయిస్తారు. పెద్దవాళ్లు ఆ పాట్రోల్ లీడర్లను తయారుచేస్తారు.

క్యాంపులో ఇది ఎలా ఉంటుందో చూడండి. సాయంత్రం అవుతోంది, ఆకాశం మబ్బు పట్టింది. ఒక పాట్రోల్ వంట చేసుకునే చోటుకు టార్పాలిన్ కడుతోంది. తెరిచి ఉన్న వైపు సరిగ్గా గాలికి ఎదురుగా ఉంది. ఓ చిన్నవాడు మేకును నిటారుగా కొడుతున్నాడు. ఆ మేకు ఊడిపోతుందని, వాన వస్తే జల్లు నేరుగా పొయ్యి మీదే పడుతుందని దూరం నుంచి చూస్తున్న లీడర్‌కు తెలుసు. రెండు నిమిషాల్లో సరిచేసేయొచ్చు. మంచి లీడర్ ఆ పని చేయడు. పదమూడేళ్ల పాట్రోల్ లీడర్‌ను పక్కకు పిలిచి "గాలి ఎటు నుంచి వస్తోందమ్మా?" అని ఒక్క మాట అడుగుతాడు. ఆ అమ్మాయి గడ్డి పరకలు పైకి ఎగరేసి చూస్తుంది, వెనక్కి తిరిగి టార్పాలిన్ వైపు చూస్తుంది, పరిగెత్తుకెళ్లి అందరినీ ఆపుతుంది. కాసేపు వాదన జరుగుతుంది. టార్పాలిన్ తిరుగుతుంది. మేకును తాడుకు ఎదురు దిశలో వంచి కొట్టాలన్నది మొదటి గాలికి అది ఊడినప్పుడు తెలుస్తుంది. తడిసేది ఓ గిన్నె, ఓ సంచి. ఆ రాత్రి నేర్చుకున్నది మాత్రం ఆ పిల్లలు మరిచిపోరు.

ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి ఉంది. లీడర్ మాట్లాడింది మేకు కొడుతున్న చిన్నవాడితో కాదు, పాట్రోల్ లీడర్‌తో. ఆ అమ్మాయిని దాటి వెళ్లి నేరుగా పిల్లలకు ఆర్డర్ వేసిన రోజున ఆమె పదవి పేరుకే మిగులుతుంది. రెండుసార్లు అలా జరిగితే పిల్లలు ప్రతిదానికీ లీడర్ ముఖం చూడటం మొదలుపెడతారు.

అలాగని అన్నీ వదిలేసి కుర్చీలో కూర్చోవడం కాదు. కత్తి, గొడ్డలి, నిప్పు, నీళ్ల దగ్గర హద్దు దాటుతున్నా, ఒకరినొకరు ఏడిపిస్తున్నా లీడర్ ఆ క్షణమే కలగజేసుకోవాలి. ముఖ్యంగా రెండోది. "పిల్లలన్నాక మామూలే" అని వదిలేస్తే ఆ ఏడ్చిన పిల్లవాడు మళ్లీ రాడు.

అపోహ: ఇదంతా సైన్యం లాంటిది, గట్టిగా అరిచేవాళ్లు కావాలి

బేడెన్ పావెల్ సైనికాధికారి, యూనిఫాం ఉంది, వరుసలో నిలబడటం ఉంది. అందుకే ఈ అభిప్రాయం. స్కౌటింగ్ లక్ష్యం మాత్రం సైనికుల్ని తయారుచేయడం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1920లో లండన్‌లో జరిగిన మొదటి ప్రపంచ జాంబోరీ (స్కౌట్ల పెద్ద సమ్మేళనం) దేశదేశాల పిల్లలను స్నేహితులుగా ఒకచోట చేర్చింది. మహిళలు కూడా మొదటి నుంచీ ఇందులో ఉన్నారు. 1916లో చిన్న పిల్లల కోసం వుల్ఫ్ కబ్స్ మొదలైనప్పుడు దానికి రూపం ఇవ్వడంలో వెరా బార్క్లే పాత్ర చాలా పెద్దది.

ట్రూప్ నిశ్శబ్దం కావాలంటే లీడర్ చెయ్యి పైకెత్తి ఊరికే నిలబడితే చాలు. చూసినవాళ్లు ఒక్కొక్కరే చెయ్యి ఎత్తి మాట ఆపేస్తారు. అరిచే గొంతు కన్నా అది త్వరగా పనిచేస్తుంది. నెమ్మదస్తులైన లీడర్ల దగ్గరకే బెరుకు పిల్లలు ముందు చేరతారని ఎన్నోసార్లు చూశాను.

అపోహ: వారానికి గంట చాలు (లేదా, ఉన్న టైం అంతా పోతుంది)

ఈ రెండూ తప్పే. మొదటి మాట చెప్పి మనుషుల్ని చేర్చుకోవడం నాకు అసలు నచ్చదు. మీటింగ్ గంటన్నరో రెండు గంటలో అయినా, దాని ముందూ వెనకా ఫోన్లు, సామాను, కాగితాలు ఉంటాయి. హైక్‌లకు, క్యాంపులకు వారాంతాలు పోతాయి. ఈ సంగతి మొదటి రోజే చెప్పేయాలి. అయితే అందరూ స్కౌట్ మాస్టర్, అంటే ట్రూప్ ముఖ్య లీడర్, కానక్కర్లేదు. సామాను చూసుకునేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు, ఏడాదికోసారి వచ్చి ఫస్ట్ ఎయిడ్ నేర్పే నర్సు, క్యాంపుకు బండి తెచ్చేవాళ్లు, అందరూ కావాలి. నెలకు ఒక్క పూట ఇస్తానని చెప్పి ఆ పూట తప్పకుండా వచ్చేవాళ్లు ట్రూప్‌కు కొండంత అండ.

అపోహ: పిల్లల రక్షణ నియమాలంటే మనల్ని అనుమానించడమే

బ్యాక్‌గ్రౌండ్ చెక్ అనగానే నొచ్చుకునేవాళ్లున్నారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఈ విషయంలో మినహాయింపులు ఉండకూడదు, ఎంత పాత స్నేహితులకైనా సరే. పిల్లలకు హాని తలపెట్టేవాళ్లు చూడటానికి చాలా మంచివాళ్లలాగే ఉంటారు. అందరికీ ఒకే నియమం ఉంటేనే దాన్ని తప్పించుకునేవాళ్లు కనిపిస్తారు. ప్రపంచ స్కౌట్ సంస్థ దీన్ని "సేఫ్ ఫ్రమ్ హార్మ్" పేరుతో తన సభ్య సంస్థల్లో నడుపుతోంది.

ఆచరణలో ఇవి చాలా మామూలు విషయాలు. ఎప్పుడూ కనీసం ఇద్దరు పెద్దలుండాలి. ఏ పిల్లవాడితోనూ మూసిన గదిలో, టెంట్‌లో, కారులో ఒంటరిగా ఉండకూడదు. విడిగా మాట్లాడాల్సి వస్తే అందరికీ కనిపించేచోట, మాటలు వినపడనంత దూరంలో మాట్లాడొచ్చు. పెద్దల టెంట్లు వేరు, పిల్లల టెంట్లు వేరు. ఫోన్‌లో మెసేజ్ పంపితే అందులో తల్లిదండ్రులో ఇంకో లీడరో ఉండాలి. "ఇది మన మధ్యే ఉండాలి" అనే మాట ట్రూప్‌లో ఎక్కడా వినపడకూడదు.

ఎవరైనా పిల్లవాడు మీ దగ్గరకు వచ్చి తనకు జరిగిన చెడు గురించి చెబితే? శాంతంగా వినండి. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి, ఎందుకంటే చెప్పి తీరాలి. గుచ్చి గుచ్చి ప్రశ్నలు వేయకండి, విచారణ మీ పని కాదు. "నాకు చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేం లేదు" అనండి. పిల్లవాడు అన్న మాటలను అలాగే కాగితం మీద రాసి, ఆలస్యం చేయకుండా సంస్థలో అందుకు బాధ్యులైనవాళ్లకు చెప్పండి. అప్పటికప్పుడు ప్రమాదం ఉందనిపిస్తే పోలీసులకే చెప్పండి. ముడులు రాకపోయినా ఫర్వాలేదు కానీ ఈ పేరా రాకుండా పిల్లల ముందు నిలబడకూడదు.

అపోహ: ఏ చిన్న రిస్కూ లేకుండా చూడటమే భద్రత

అలాగైతే గదిలో కూర్చోబెట్టి బొమ్మలు గీయించాలి. రిస్కును ముందే లెక్కవేసి, పిల్లల వయసుకు తగినంతే ఉంచడం లీడర్ పని. ఆ లెక్క పిల్లలకూ నేర్పాలి.

పాట్రోల్ లీడర్లు హైక్ ప్లాన్ పట్టుకొస్తారు. పద్నాలుగు కిలోమీటర్లు, గంటకు ఐదు చొప్పున మూడు గంటల్లో అయిపోతుందంటారు. "ఎక్కడం ఎంత ఉంది?" అని అడగండి. మ్యాప్ మీద వంగి ఎత్తును చూపే గీతలు లెక్కపెడతారు. గీతకు గీతకు 20 మీటర్లు, మొత్తం ముప్పై గీతలు. అంటే 600 మీటర్లు. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ ఇచ్చిన సూత్రం ప్రకారం ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట కలపాలి. దాదాపు నాలుగు గంటలైంది. అది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఆగకుండా నడిస్తే. పదకొండేళ్ల పిల్లలు, భుజాన సంచులు, మధ్యలో ఆగడాలు కలిపితే ఆరు గంటల పైమాటే. చీకటి ఎన్నింటికి పడుతుంది? ఏ టైం దాటితే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి? ఈ రెండు జవాబులూ వాళ్ల చేతే కాగితం మీద రాయించండి. దారి తగ్గించుకుందామని వాళ్లే అంటారు.

కొన్ని మాత్రం చర్చకు పెట్టేవి కావు. మెరుపు మెరిసిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే గట్టి భవనంలోకో, పైకప్పు ఉన్న కారులోకో వెళ్లిపోవాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా బయటికి రాకూడదు. టెంట్ పిడుగు నుంచి కాపాడదు. నీళ్ల దగ్గర, దారి చీలేచోట, బండి ఎక్కేముందు తలలు లెక్కపెట్టాలి. ఎవరికి ఏ అలర్జీ ఉందో, ఎవరు ఏ మందు వాడతారో రాసిన కాగితాలు క్యాంపులో చేతికి అందేలా ఉండాలి, ఆఫీసు బీరువాలో కాదు.

అపోహ: ఎన్ని బ్యాడ్జీలు వస్తే ట్రూప్ అంత మంచిది

బ్యాడ్జీ పిల్లవాడు నేర్చుకున్నదానికి గుర్తు. దాన్నే లెక్కపెట్టడం మొదలుపెడితే మీటింగ్ ఇంకో ట్యూషన్ క్లాసు అయిపోతుంది.

అపోహ: దారికి రాని పిల్లల్ని స్కౌట్స్‌లో పడేస్తే బుద్ధి వస్తుంది

తల్లిదండ్రులు ఆశతో అనే మాట ఇది, తప్పుపట్టను. కానీ స్కౌట్ ప్రామిస్, అంటే స్కౌట్‌గా చేరేటప్పుడు చేసే ప్రతిజ్ఞ, పిల్లలు తమ ఇష్టంతో చెప్పేది. బలవంతంగా తెచ్చినవాళ్లు అది చెప్పినా పెదాల మీదే ఉంటుంది. అల్లరి పిల్లవాడు వస్తే నేను ముందు చేసేది అతనికి నిజమైన పని అప్పగించడం. పాట్రోల్ సామాను పెట్టె తాళం అతని చేతిలో పెడతాను. గిన్నెలు తక్కువైతే ఆ రోజు వంట ఆగుతుందని, అడిగేది తన తోటి పిల్లలేనని అతనికి తెలుస్తుంది. కొందరు మారతారు, కొందరికి అది సరిపోదు. వైకల్యం ఉన్న పిల్లలు, ఒకచోట కుదురుగా కూర్చోలేని పిల్లలు వచ్చినప్పుడు మాత్రం ఊహించుకుని ఏర్పాట్లు చేయకండి. ఏం చేస్తే సౌకర్యంగా ఉంటుందో ఆ పిల్లవాడినీ, తల్లిదండ్రులనూ ముందే అడగండి.

అపోహ: సొంత పిల్లలు ట్రూప్‌లో ఉంటేనే చేరాలి

పిల్లలు లేనివాళ్లు, పిల్లలు పెద్దవాళ్లైపోయినవాళ్లు, పాతికేళ్ల లోపు యువతీయువకులు చాలాచోట్ల బ్రహ్మాండంగా చేస్తున్నారు. సొంత పిల్లలున్నవాళ్లకే ఒక ఇబ్బంది ఉంది. పక్షపాతం అంటారేమోనన్న భయంతో తమ పిల్లల మీదే ఎక్కువ కఠినంగా ఉంటారు. ఆ పిల్లవాడి బ్యాడ్జీ పరీక్షలు, గొడవలు ఇంకో లీడర్ చూసేలా ముందే మాట్లాడుకుంటే ఇంట్లోనూ ట్రూప్‌లోనూ ఊపిరి ఆడుతుంది.

చేరాలనిపిస్తే ముందు రెండు మూడు మీటింగులకు వెళ్లి ఓ పక్కన కూర్చుని చూడండి. తర్వాత నాలుగు సంగతులు అడగండి. నాతో పాటు ఉండే రెండో లీడర్ ఎవరు? శిక్షణ ఎప్పుడు ఇస్తారు? పిల్లల ఆరోగ్య వివరాలు ఎవరి దగ్గర ఉన్నాయి? పాట్రోల్ లీడర్లు ఎప్పుడు సమావేశమవుతారు? మొదటి మూడింటికి సరైన జవాబు రాకపోతే, వచ్చేదాకా చేరకండి. నాలుగోదానికి "మా దగ్గర ప్లాన్లన్నీ పెద్దవాళ్లమే వేస్తామండీ" అన్నారనుకోండి, నెలకోసారి పాట్రోల్ లీడర్లను కూర్చోబెట్టే పని నేను తీసుకుంటానని చెప్పి చేరండి.