టెక్సాస్ బ్యాలెట్ మీద రాజ్యాంగ సవరణలు: అపోహలు - వాస్తవాలు

ఆస్టిన్‌లో శాసనసభ్యుల కోసం తీర్మానాల ముసాయిదాలు చూసే పని నాది. బేసి సంవత్సరం అక్టోబరు వచ్చిందంటే డాలస్, ఫ్రిస్కో, కేటీ నుంచి మనవాళ్ళ ఫోన్లు మొదలవుతాయి: "అన్నా, ఈ ప్రాప్ 4 ఏంటి? ఫర్ కొట్టాలా, అగెనెస్ట్ కొట్టాలా?" ప్రాప్ అంటే ప్రాపొజిషన్, బ్యాలెట్ మీద ఓటర్లను అడిగే సవరణ ప్రశ్న. ఏది కొట్టాలో నేను చెప్పను. కానీ ఆ ప్రశ్న బ్యాలెట్ దాకా ఎలా వచ్చిందో చెబుతాను. ఇండియాలో రాజ్యాంగ సవరణ పార్లమెంటులో మొదలై, కొన్ని విషయాల్లో సగం రాష్ట్రాల ఆమోదం కూడా తీసుకుని, రాష్ట్రపతి సంతకంతో ముగుస్తుంది. జనాన్ని ఎవరూ అడగరు. ఇక్కడ అడుగుతారు. ఆ అడగడం చుట్టూ చాలా అపోహలున్నాయి.

అపోహ: గవర్నర్ సంతకం పెట్టకపోతే సవరణ ఆగిపోతుంది

ఆగదు. మామూలు బిల్లును గవర్నర్ వీటో చేయొచ్చు. సవరణ మాత్రం బిల్లుగా రాదు, జాయింట్ రిజల్యూషన్‌గా (రెండు సభల ఉమ్మడి తీర్మానంగా) వస్తుంది. హౌస్‌లో (దిగువ సభలో) పుడితే హెచ్‌జేఆర్, సెనేట్‌లో (ఎగువ సభలో) పుడితే ఎస్‌జేఆర్. రెండు సభలూ దాటితే నేరుగా ఓటర్ల దగ్గరికే. అలాగని గవర్నర్ చేతిలో ఏమీ లేదనుకోకండి. ప్రత్యేక సమావేశం పిలిచేది ఆయనే. ఆయన ఎజెండాలో లేని విషయం మీద ఆ సమావేశంలో సవరణ ప్రతిపాదించడానికి వీల్లేదు. రెగ్యులర్ సెషన్ రెండేళ్ళకోసారి, అదీ 140 రోజులే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

అపోహ: మెజారిటీ పార్టీ తలుచుకుంటే చాలు

రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. హౌస్‌లో 150కి 100, సెనేట్‌లో 31కి 21. ఈ లెక్క సభకు వచ్చినవాళ్ళ మీద కాదు, సభ మొత్తం బలం మీద. అంటే కారిడార్‌లో ఫోన్ మాట్లాడుతున్న సభ్యుడూ, ఊరికి వెళ్ళిపోయిన సభ్యుడూ వ్యతిరేకంగా ఓటేసినట్టే. మేలో సెషన్ చివరి వారాల్లో తీర్మానం తెచ్చిన సభ్యుడి కళ్ళు ఎదుటివాళ్ళ ప్రసంగం మీద ఉండవు, గోడ మీది ఓటింగ్ బోర్డు మీద ఉంటాయి. 97 పచ్చ లైట్లు వెలిగినా ఓడినట్టే. ఆ టెన్షన్ దగ్గర నుంచి చూస్తే గానీ అర్థం కాదు.

2023లో హౌస్‌లో రిపబ్లికన్లు 86 మంది. వాళ్ళంతా ఒక్కమాట మీద ఉన్నా ఇంకో 14 ఓట్లు డెమొక్రాట్ల దగ్గర నుంచి తెచ్చుకోవాల్సిందే. ఆ ఏడాది కాసినోల తీర్మానానికి తొలి ఓటింగ్‌లో 92 ఓట్లు వచ్చాయి. మామూలు బిల్లుకైతే అది ఘనవిజయం. 100 కూడగట్టలేక దాన్ని పక్కన పెట్టేశారు. ఆన్‌లైన్ స్పోర్ట్స్ బెట్టింగ్ తీర్మానం 101తో గట్టెక్కింది కానీ సెనేట్ దాన్ని ముట్టుకోలేదు. "జనం నిర్ణయించుకుంటారు, మనం అడ్డెందుకు" అనే మాట సభలో ప్రతిసారీ వినిపిస్తుంది. నాకు ఆ వాదన ఎప్పుడూ మింగుడు పడదు. జనం దాకా ఏది వెళ్ళాలో తేల్చడమే కదా వీళ్ళ పని.

అపోహ: సంతకాలు సేకరిస్తే మనమే సవరణ పెట్టించొచ్చు

కాలిఫోర్నియా, ఫ్లోరిడాలో ఆ దారి ఉంది. టెక్సాస్‌లో లేదు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పిటిషన్లు మీ ప్రతినిధి మీద ఒత్తిడి తేవడానికి పనికొస్తాయి, అంతవరకే.

అపోహ: బ్యాలెట్ మీది ప్రశ్నను తటస్థంగా ఉండేవాళ్ళెవరో రాస్తారు

అన్నిటికంటే ఎక్కువగా వినేది ఇదే. బ్యాలెట్ మీద మీరు చదివే ఆ ఒక్క వాక్యాన్ని శాసనసభే రాస్తుంది. తీర్మానం చివరి సెక్షన్‌లో ఎన్నిక తేదీ, ఆ పక్కనే కొటేషన్ మార్కుల మధ్య బ్యాలెట్ వాక్యం ఉంటాయి. సవరణను కోరుకునేవాళ్ళే ప్రశ్న కూడా రాస్తారన్నమాట. సెక్రటరీ ఆఫ్ స్టేట్ (రాష్ట్రంలో ఎన్నికలు చూసే అధికారి) చేసేది వేరు. ప్రాపొజిషన్లకు వరుస నంబర్లు లాటరీ తీసి ఇస్తారు (నంబర్ 1 అంటే ముఖ్యమైనదని అర్థం కాదు). వివరణ రాయించి, అటార్నీ జనరల్ ఆమోదంతో పత్రికల్లో రెండుసార్లు వేయిస్తారు. సవరణ పూర్తి పాఠాన్ని ప్రతి కౌంటీకి పంపిస్తారు. అది కోర్టు భవనంలో కనీసం 30 రోజులు గోడకు అతికించి ఉంటుంది. దాని ముందు ఆగి చదివే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

2019 ప్రాప్ 4నే తీసుకోండి. వ్యక్తిగత ఆదాయపు పన్ను విధించకుండా నిషేధించే సవరణ అది. "పన్ను నాకొద్దు" అనుకుని అగెనెస్ట్ నొక్కితే మీరు నిషేధానికి వ్యతిరేకంగా ఓటేసినట్టు. 74 శాతంతో గెలిచింది కాబట్టి ఈ గందరగోళం ఫలితాన్ని మార్చలేదు. పోటీ గట్టిగా ఉన్నచోట మారొచ్చు. అందుకే అడిగినవాళ్ళకు నేనొకటే చెబుతాను: విషయం మీకు ఇష్టమా కాదా అని కాదు, సవరణ ఏం చేస్తుందో చూసి నొక్కండి. టెక్సాస్ లెజిస్లేటివ్ కౌన్సిల్ (ఇది సభ కాదు, శాసనసభకు ముసాయిదాలు, పరిశోధన చేసిపెట్టే సంస్థ) ప్రతిసారీ ఉచితంగా ఒక పుస్తకం ఇస్తుంది. అందులో ప్రతి సవరణకూ అటు వాదనలు, ఇటు వాదనలు రెండూ ఉంటాయి.

తేదీ సంగతి కూడా అంతే. రివాజు ప్రకారం బేసి సంవత్సరం నవంబరు. కానీ 2003లో 22 సవరణలను సెప్టెంబరు 13న, ఒక శనివారం, ఓటుకు పెట్టారు. వాటిలో వైద్యుల మీద వేసే దావాల్లో నష్టపరిహారానికి పరిమితి పెట్టే అధికారాన్ని శాసనసభకు ఇచ్చే ప్రాప్ 12 కూడా ఉంది. నవంబరులో హ్యూస్టన్ మేయర్ ఎన్నిక ఉంది, అప్పుడైతే ఆ నగరం ఓటర్లు బారులు తీరతారు, అందుకే తేదీ ముందుకు జరిపారని వ్యతిరేకులు గోల పెట్టారు. ప్రాప్ 12 దాదాపు 51 శాతంతో బయటపడింది. తేదీ దెబ్బ ఎంతుందో ఎవరూ రుజువు చేయలేరు కానీ, తేదీ ఎంచుకునేవాళ్ళు కళ్ళు మూసుకుని ఎంచుకున్నారంటే మాత్రం నేను నమ్మను.

అపోహ: సగం మందైనా ఓటేయకపోతే చెల్లదు

అలాంటి నియమం లేదు. పోలైన ఓట్లలో సగానికి ఒక్కటి ఎక్కువొస్తే చాలు. 2023లో నమోదైన ఓటర్లలో పోలింగ్‌కు వచ్చింది దాదాపు 14 శాతం.

అపోహ: రాజ్యాంగం కదా, పెద్ద విషయాలే ఉంటాయి

2019లోనే ప్రాప్ 10 చూడండి. రిటైరైన పోలీసు కుక్కను, గుర్రాన్ని, దాన్ని చూసుకున్న అధికారికి డబ్బు తీసుకోకుండా ఇచ్చేయొచ్చా? 90 శాతానికి పైగా సరేనన్నారు. నవ్వొచ్చినా కారణం ఉంది. 1876 నాటి ఈ రాజ్యాంగం ప్రభుత్వ ఆస్తిని వ్యక్తులకు ఊరికే ఇవ్వొద్దంటుంది, చట్టం లెక్కల్లో ఆ కుక్క కూడా ఆస్తే. రాసినవాళ్ళకు ప్రభుత్వం మీద అంత అపనమ్మకం. అందుకే సవరణలు ఇప్పటికి 500 దాటాయి.

అపోహ: ఓటు లేనివాళ్ళకు దీనితో పని లేదు

ఓటు అమెరికా పౌరులకే. కానీ 2023లో సొంతింటి విలువలో స్కూల్ ట్యాక్స్ పడని మొత్తాన్ని 40,000 డాలర్ల నుంచి లక్షకు పెంచిన సవరణ హెచ్-1బీ మీద ఉండి ఇల్లు కొనుక్కున్నవాళ్ళకూ వర్తించింది. 2025 నవంబరులో ఆ లక్ష 1,40,000 అయింది.

2023 సవరణకు జంటగా ఒక బిల్లు కూడా నడిచింది. ఇక్కడ చాలాసార్లు అంతే: సవరణ తలుపు తీస్తుంది, పని చేసేది ఆ బిల్లు. ఓటింగ్ నవంబరు 7న. పన్ను కట్టమని పంపే బిల్లులేమో అక్టోబరులోనే ఇళ్ళకు వెళ్ళాలి. అందుకని సవరణ గెలిచినట్టే లెక్కగట్టి పంపారు. శాసనసభ చర్య వల్ల మీ పన్ను ఇంత తగ్గింది, ఓటర్లు సవరణను తిరస్కరిస్తే ఇంత మొత్తానికి అదనపు బిల్లు పంపుతాం అని దాని మీదే అచ్చు వేశారు. ఆ వాక్యాలను కూడా శాసనసభే చట్టంలో మాటకు మాట రాసిచ్చింది. కౌంటీ పన్ను ఆఫీసుల వాళ్ళు ఖాళీల్లో అంకెలు మాత్రం నింపారు.