యానోడైజింగ్ తొట్టె వేడెక్కితే రంగెందుకు నిలవదు?

ఇంట్లో అల్యూమినియం భాగానికి యానోడైజింగ్ (ఆమ్లపు తొట్టెలో భాగాన్ని ప్లస్ ధ్రువంగా పెట్టి కరెంటు పంపి, దాని మీద ఆక్సైడు పొర పెంచడం) చేసి రంగు వేస్తే, తుడవగానే తెల్లటి పొడితో పాటు రాలిపోతోంది. లోపం రంగుదా, పవర్ సప్లైదా? ఈ పనికి దిగినవాళ్లలో చాలామంది అడిగే ప్రశ్నే. ఎక్కువసార్లు తప్పు రెండింటిదీ కాదు, తొట్టెలో చేరిన వేడిది.

ఆనోడ్ (ప్లస్ ధ్రువం), కాథోడ్ (మైనస్ ధ్రువం) బొమ్మ గీసి, లోహం మీద ఆక్సైడు పూత పడుతుందని చెప్పేసి పాఠాలు ముగిస్తాయి. అది పూత కాదు. లోహమే పైనుంచి లోపలికి ఆక్సైడుగా మారుతుంది. ఆక్సైడు విద్యుత్తును ఆపేస్తుంది కాబట్టి పని మొదలవుతూనే ఆగిపోవాలి. ఆగకపోవడానికి కారణం సల్ఫ్యూరిక్ ఆమ్లం: పెరుగుతున్న పొరను అదే కాస్త కాస్త కరిగిస్తుంది. అలా కరిగిన చోట్ల రంధ్రాలు దిగుతాయి. 1953లో కెల్లర్, హంటర్, రాబిన్సన్‌లు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పరిశీలించి ఈ పొర నిర్మాణం వివరించారు: తేనెపట్టులా ఆరు పలకల గదులు, ఒక్కో గది నడుమ ఒక్కో రంధ్రం. రంధ్రం అడుగున వోల్టుకు సుమారు ఒక నానోమీటరు చొప్పున గట్టి పొర మిగులుతుంది. అంటే మీటరుకు వంద కోట్ల వోల్టుల విద్యుత్ క్షేత్రం! ఆ తాకిడికి ఆక్సిజన్ అయాన్లు లోపలికి, అల్యూమినియం అయాన్లు బయటికి కదులుతాయి. అడుగున కరిగినంత మళ్లీ పెరుగుతూ రంధ్రం లోతవుతుంది. రంగు కూర్చునేది ఈ రంధ్రాల్లోనే.

రంధ్రాల గోడలు కూడా ఆమ్లంలోనే నానుతుంటాయి. 20 డిగ్రీల దగ్గర అవి నెమ్మదిగా కరుగుతాయి. 25 దాటితే కరగడం జోరందుకుని గోడలు పలచబడతాయి, రంధ్రాల మూతులు వెడల్పవుతాయి, పైభాగం పొడిగా మారుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 10 సెం.మీ. చదరపు పలకకు రెండు వైపులా కలిపి 2 చదరపు డెసిమీటర్లు. చదరపు డెసిమీటరుకు 1.3 ఆంపియర్ల చొప్పున 2.6 ఆంపియర్లు, 15 వోల్టుల దగ్గర 39 వాట్లు. గంటలో 140 కిలోజౌళ్లు! 5 లీటర్ల ద్రావణం ఏడు డిగ్రీలు ఎక్కుతుంది, ఆక్సీకరణలో పుట్టే వేడి అదనం. 20తో మొదలుపెట్టినా 27కి చేరినట్టే. అందుకే ముందు పెద్ద ప్లాస్టిక్ తొట్టె చూసుకోండి, పవర్ సప్లై తర్వాత. 15 లీటర్లయితే పెరుగుదల మూడో వంతుకు తగ్గుతుంది. లేదా చిన్న తొట్టెనే మంచునీళ్ల టబ్బులో కూర్చోబెట్టండి. వేడి పుట్టేది రంధ్రాల అడుగునే కనుక అక్వేరియం పంపుతో గాలి బుడగలు పంపుతూ కలపాలి.

మందాన్ని తేల్చేవి ప్రవాహం, సమయం: చదరపు డెసిమీటరుకు ఆంపియర్లు × నిమిషాలు × 0.32 = మైక్రాన్లు. రంగుకు 15 మైక్రాన్లు చాలు, అంటే పైన చెప్పిన 1.3 ఆంపియర్ల దగ్గర సుమారు 36 నిమిషాలు. వోల్టులు పెంచితే పొర గట్టిపడుతుందన్నది ఉత్త నమ్మకం. 0–30 వోల్టుల సప్లైని స్థిర ప్రవాహంలో పెట్టండి, వోల్టేజీ దానంతటదే 12–18 మధ్య సర్దుకుంటుంది.

ద్రావణానికి 1.28 సాంద్రత ఉన్న బ్యాటరీ యాసిడ్ 2 పాళ్లు, డిస్టిల్డ్ వాటర్ 3 పాళ్లు. ఎప్పుడూ నీళ్లలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. కుళాయి నీళ్లలోని క్లోరైడు లోహానికి గుంటలు పెడుతుంది. కాథోడ్‌గా సీసపు రేకులు లేదా అల్యూమినియం రేకులు భాగానికి రెండు పక్కలా పెట్టాలి. వేలాడదీసే తీగ అల్యూమినియం లేదా టైటానియం. రాగి తీగ మునిగితే కరుగుతూ ప్రవాహాన్ని తనే మింగేస్తుంది. కట్టు వదులైతే దాని కింద ఆక్సైడు చేరి, వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి ఆంపియర్లు పడిపోతాయి. అల్యూమినియం తీగ మీద కూడా పొర ఏర్పడుతుంది, ప్రతిసారీ గీకాలి. కాథోడ్ దగ్గర హైడ్రోజన్ వస్తుంది కనుక గాలి ఆడాలి, నిప్పు ఉండకూడదు. కళ్లద్దాలు, గ్లవ్స్, ఒలికిన యాసిడ్‌ను విరచడానికి పక్కనే వంటసోడా తప్పవు.

ముందుగా సబ్బుతో జిడ్డు వదిలించి, లీటరుకు 50 గ్రాముల వెచ్చటి కాస్టిక్ సోడాలో ఒక నిమిషం. నల్లటి మసి మిగిలితే నత్రికామ్లం తీసేస్తుంది. 6061, 6063 అనే అల్యూమినియం మిశ్రమలోహాలు చక్కగా వస్తాయి. సిలికాన్ ఎక్కువున్న పోత భాగాలు బూడిదరంగు వదలవు.

రంగునీళ్లు 50–60 డిగ్రీలు దాటనివ్వొద్దు, రంగు దిగకముందే రంధ్రాలు మూసుకుపోతాయి. రంగు పట్టాక చేయాల్సింది సరిగ్గా ఆ మూయడమే: మరిగే డిస్టిల్డ్ వాటర్‌లో అరగంటకు పైగా ఉంచితే ఆక్సైడు నీటిని కలుపుకొని ఉబ్బి మూతులు పూడుస్తుంది. నీళ్లు సరిగా మరగకపోతే మూసుకునేలోపే రంగు నీళ్లలోకి దిగిపోతుంది.