పాము ట్యాంకుకు ఏ హీటరు? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇది బాల్ పైథాన్, కార్న్ స్నేక్ లాంటి విదేశీ పాములు పెంచేవాళ్ల కోసం. నాగుపాము, జెర్రిపోతు, మన కొండచిలువ ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్‌ను కూడా కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాల్సిందే.

అపోహ: నల్లగొండ ఎండలకు పాముకు మళ్లీ హీటరెందుకు?

వాస్తవం: మే నెలలో 44 డిగ్రీలు తాకే ఊరే డిసెంబరు తెల్లవారుజామున 15 దాకా దిగుతుంది. షాబాద్ బండల మీద నేరుగా పెట్టిన గాజు ట్యాంకు ఇంకా చల్లబడుతుంది, చెక్క స్టాండు మీద పెట్టండి. చలిలో మేత పెడితే పాముకు అరగదు, కక్కేస్తుంది. బాల్ పైథాన్‌కు ట్యాంకులో ఒక పక్క 31–33, రెండో పక్క 25–27 డిగ్రీలు ఉండాలి. పాము తనకు ఎటు కావాలంటే అటు తనే జరుగుతుంది. ఎండాకాలం మాత్రం లెక్క తారుమారు: హీటరు ఆపేసి, ఇంట్లో చల్లటి గదిలోకి మార్చాలి. నన్నడిగితే మన దగ్గర చలికాలం కన్నా మే నెలకే ఎక్కువ టెన్షన్ పడాలి.

అపోహ: హీట్ మ్యాట్ (ట్యాంకు అడుగున పెట్టే వేడి షీటు) ఇరవై వాట్లే కదా, థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసే పరికరం) దండగ.

వాస్తవం: నేను చూసే కాలిన గాయాల్లో ఎక్కువ భాగం ఈ మాట వల్లే. కంట్రోలు లేని మ్యాట్ మీద గాజు 45 డిగ్రీలు దాటిపోగలదు. పొట్ట కింద కాలుతున్నా పాము చాలాసార్లు అక్కడే చుట్టుకుని పడుకుంటుంది. ముందు పొట్ట పొలుసులు ఎర్రబడతాయి, తర్వాత గోధుమరంగుకు తిరిగి పొక్కులొస్తాయి. పసుపూ నూనే పూయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

థర్మోస్టాట్ ప్రోబ్‌ను, అంటే వేడిని కొలిచే వైరు కొసను, ట్యాంకు బయట, మ్యాట్‌కూ గాజుకూ మధ్య పెట్టండి. లోపల పెడితే పాము దాన్ని పక్కకు నెట్టేస్తుంది, లేదా దాని మీద నీళ్ల గిన్నె ఒలుకుతుంది. అప్పుడు థర్మోస్టాట్ ఇంకా చల్లగానే ఉందనుకుని మ్యాట్‌ను కాలుస్తూనే ఉంటుంది. లోపలి గాజును టెంపరేచర్ గన్‌తో చూసుకుంటూ సెట్ చేయాలి. ట్యాంకు లోపల మాత్రం టేపు వాడొద్దు, పాముకు అతుక్కుంటే చర్మం ఊడొస్తుంది.

అపోహ: ఎర్ర బల్బు వెలుగు పాముకు తెలియదు.

వాస్తవం: తెలుస్తుంది. రాత్రికి వెలుగివ్వని సిరామిక్ హీటరు మేలు. దీన్ని ఇంట్లో మామూలు ప్లాస్టిక్ హోల్డరుకు పెట్టకండి, కరిగిపోతుంది. పింగాణీ స్క్రూ హోల్డరు కావాలి, చుట్టూ జాలీ కావాలి, దీనికీ థర్మోస్టాట్ ఉండాలి. ఇది గాలిని ఎండబెడుతుంది. పాలమూరు పొడి గాలికి ఇది తోడైతే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, కాబట్టి తేమ చూసుకోండి.

అపోహ: హీట్ రాక్ (కరెంటుతో వేడెక్కే రాయి) సహజంగా ఉంటుంది.

వాస్తవం: కొనకండి. ఒకచోట చల్లగా, ఒకచోట నిప్పులా ఉంటుంది.

ఇక కరెంటు పోతే? మ్యాట్ ఇన్వర్టర్ మీద హాయిగా నడుస్తుంది, వంద వాట్ల సిరామిక్ అయితే బ్యాటరీ తినేస్తుంది. కరెంటు వచ్చేదాకా గాలి సందులు వదిలి ట్యాంకు మీద దుప్పటి కప్పండి, మేత మాత్రం వాయిదా వేయండి.