పిల్లికి అర మాత్ర

మొన్న వేసవిలో ఒక రాత్రి పదకొండు దాటాక మా పై వాటా అమ్మాయి పిల్లిని తువ్వాల్లో చుట్టుకుని మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది. "ఆంటీ, దీని నోరు ఒకసారి చూడండి" అంది. పై పెదవి ఎత్తి చూశాను. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు కాఫీ డికాక్షన్ పూసినట్టు గోధుమ రంగుకి తిరిగాయి. ముఖం, ముందు పాదాలు వాచిపోయాయి. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. ఒళ్లు వేడిగా ఉందని సాయంత్రం పారాసెటమాల్ మాత్ర సగం విరిచి, పాలల్లో కలిపి పట్టారట. చిన్నప్పుడు జ్వరమొస్తే తనకి అమ్మ ఎలా వేసిందో అలాగే, అంతే ప్రేమతో వేసింది పాపం.

అర మాత్ర అంటే 250 మిల్లీగ్రాములు. ఆ పిల్లి నాలుగు కిలోలు ఉంటుంది. అంటే కిలోకి 60 మిల్లీగ్రాములు దాటింది. కిలోకి 10 మిల్లీగ్రాములు పడినా విషలక్షణాలు కనిపించిన పిల్లులున్నాయి.

మనకి రోజూ పనికొచ్చే మందు దానికెందుకు విషమైంది? మనం పారాసెటమాల్ మింగాక కాలేయం ఆ మందుకి గ్లూకురోనిక్ ఆమ్లం అనే తోక ఒకటి తగిలిస్తుంది. తోక తగిలిన మందు తేలిగ్గా నీళ్లలో కరిగి మూత్రంలో పోతుంది. ఈ తోక తగిలించే ఎంజైముల్లో ముఖ్యమైనది పిల్లిలో తయారుకాదు. యూజీటీ1ఏ6 అనే ఆ జన్యువు పిల్లి ఒంట్లో ఉంది గానీ పాడైపోయి ఉంది. ఇంటి పిల్లి ఒక్కటే కాదు, దాని పెద్ద చుట్టాల్లో పరీక్షించి చూసినా ఇదే కనిపించింది. మొక్కల్లో ఉండే చేదు, విష పదార్థాలను వదిలించుకోవడానికి జంతువులకి ఇలాంటి ఎంజైములు బాగా అక్కరకొస్తాయి. తరతరాలుగా మాంసమే తిని బతికిన జాతికి ఆ జన్యువు పాడైనా లోటు తెలిసి ఉండదని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. లోటు తెలిసింది మనిషి ఇంట్లోకి వచ్చాకే, మన మందుల డబ్బా దగ్గరే.

మామూలు దారి మూసుకుపోయిన మందు ఒంట్లో ఇంకో దారి పట్టి విషంగా మారుతుంది. దాన్ని అణిచే గ్లూటాథయాన్ నిల్వ కాసేపట్లో ఖర్చయిపోతుంది. ఇక విషం ఎర్రరక్తకణాల మీద పడుతుంది. హీమోగ్లోబిన్ కాస్తా ఆక్సిజన్ మోయలేని మెథీమోగ్లోబిన్ అవుతుంది. దాని రంగు గోధుమ. ఆ రాత్రి చిగుళ్లలో నేను చూసింది ఆ రక్తాన్నే.

పిల్లులున్న ఇంట్లో ఇంకో రెండు విషయాల్లో జాగ్రత్త పడాలి. ఒకటి ఫినాయిల్. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ రకం రసాయనాలను కూడా వదిలించుకోవాల్సింది చాలావరకు ఈ తోక పద్ధతిలోనే. తడి ఆరని గచ్చు మీద నడిచిన పిల్లి తర్వాత తీరిగ్గా కూర్చుని పాదాలు నాకుతుంది. రెండోది, కుక్కకి పిడుదులు పోవడానికి మెడ మీద వేసే చుక్కల మందు. కొన్నిచోట్ల గోమార్లు అంటారే, వాటి కోసం. అందులో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే కుక్కకి ఫరవాలేదు, పిల్లికి మాత్రం వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. కుక్కకి వేసి మిగిలింది కదా అని పిల్లికి వేయకండి.

ఒక జాతికి మందైనది ఇంకో జాతికి విషం కావడం మన దేశం చాలా పెద్ద ఎత్తునే చూసింది. 1990లలో రాబందులు గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. కారణం 2004లో తేలింది. నొప్పులకి పశువులకి ఇచ్చే డైక్లోఫెనాక్. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందు కిడ్నీలు పాడై చచ్చిపోయేది. 2006లో పశువులకి ఆ మందు వాడకాన్ని ఆపించారు.

కుక్కకి పిల్లికున్న లోపం లేదు గానీ, దానికీ మన మాత్రలు వేయకూడదు. అయిదు కిలోల పొమేరియన్‌కి 650 మాత్ర వేస్తే కిలోకి 130 మిల్లీగ్రాములు. కాలేయం దెబ్బతినడానికి అది చాలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ అయితే కడుపులో పుండ్లు, ఆపైన కిడ్నీలు.

వంటింటి సంగతికొస్తే, ద్రాక్షపళ్లు, కిస్‌మిస్ తిన్న కుక్కలకి కిడ్నీలు పాడవుతాయని పశువైద్యులకి ఎప్పట్నుంచో తెలుసు. కానీ ఒక కుక్క గుప్పెడు తిని కులాసాగా తిరిగేది, ఇంకోటి నాలుగు గింజలకే మంచాన పడేది. ద్రాక్షలో విషమేదో దొరకలేదు. అమెరికాలో ఒక కుక్క, పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో కలిపిన రంగు పిండిముద్దను తింది. దానికీ అచ్చం ద్రాక్ష తిన్నట్టే కిడ్నీలు పోయాయి. ఆ పిండిలో క్రీమ్ ఆఫ్ టార్టార్ ఉంది. అది టార్టారిక్ ఆమ్లం నుంచి వచ్చే పొడి, ద్రాక్షలోనూ ఆ ఆమ్లం ఉంటుంది. అలా 2021లో అనుమానం టార్టారిక్ ఆమ్లం మీదికి మళ్లింది. ద్రాక్ష రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి ఈ ఆమ్లం మారుతుంది కాబట్టి పాత చిక్కుముడి కూడా విడినట్టయింది. మరుసటి ఏడాది వచ్చిన నివేదికలో చింతపండు తిని కిడ్నీలు దెబ్బతిన్న కుక్కలు కూడా ఉన్నాయి. చింతపండులో దండిగా ఉన్నది ఆ ఆమ్లమే మరి.

చింతపండు లేని తెలుగు వంటిల్లు ఎక్కడుంది? పప్పుచారు చుక్క పడిన అన్నం తింటే కుక్కకి ఏదో అయిపోతుందని నేననడం లేదు. కానీ పులిహోర గుజ్జు గిన్నె నాకనివ్వడం, పిసికి తీసిన చింతపండు పిప్పి కుక్కకి అందేచోట పడేయడం మానుకుంటే మంచిది. ఉల్లి, వెల్లుల్లి కూడా అంతే. అవి ఎర్రరక్తకణాలను చిట్లిస్తాయి, ఉడికించినా ఆ గుణం పోదు, నీరసం నాలుగైదు రోజుల తర్వాత గానీ బయటపడదు. అప్పటికి మనం ఆదివారం పెట్టిన కోడికూర గ్రేవీ సంగతి మర్చిపోయి ఉంటాం.

ఏదైనా తినకూడనిది తిన్నదని తెలిస్తే ఉప్పునీళ్లు పట్టించి కక్కించాలని చూడకండి. ఎక్కువైన ఉప్పు కూడా విషమే. మాత్రల స్ట్రిప్పు చేత్తో పట్టుకుని, ఎన్ని గంటలకు తిన్నదో గుర్తుపెట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పారాసెటమాల్‌కి ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, మనుషులకీ అదే ఇస్తారు. ఎంత తొందరగా పడితే అంత పనిచేస్తుంది. మా పై వాటా పిల్లికి అర్ధరాత్రి ఒంటిగంటకి మొదలుపెట్టారు. మూడోరోజుకి చిగుళ్లు గులాబీ రంగుకి వచ్చాయి.

ఆ డాక్టరే, పిల్లి ఏం తింటుందని అడిగారు. పెరుగన్నం అని చెప్పింది ఆ అమ్మాయి. కుక్కైతే అన్నం బాగానే అరిగించుకుంటుంది. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు తోడేళ్లలో రెండు ప్రతులుంటే కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయని 2013లో తేలింది. మన ఎంగిలి తింటూ మనతోపాటు మారిన జంతువు అది. పిల్లి అంతగా మారలేదు. దానికి టారిన్ అనే పదార్థం తిండిలోనే అందాలి, అది మాంసంలో, చేపలో దొరుకుతుంది. అందకపోతే చూపు తగ్గుతుంది, గుండె సాగిపోతుంది. అలా జబ్బుపడిన పిల్లుల గుండె టారిన్ ఇస్తే తిరిగి కోలుకుంటుందని 1987లో కాలిఫోర్నియాలో కనుక్కున్నారు. పిల్లి తిండి అమ్మే కంపెనీలు అప్పటినుంచి టారిన్ మోతాదు పెంచాయి.

ఉడికించినప్పుడు టారిన్ నీళ్లలోకి దిగిపోతుందని కూడా డాక్టర్ చెప్పారట. ఇప్పుడు పై వాటాలో పిల్లికి మంచి తిండితోపాటు అప్పుడప్పుడూ ఉప్పు, ఉల్లి వేయకుండా ఉడికించిన చేప పెడుతున్నారు. ముళ్లు ఒక్కొక్కటీ తీసేసి, ఉడికిన నీళ్లు పారబోయకుండా గిన్నెలోనే పోస్తుంది ఆ అమ్మాయి. పిల్లి ముందు ఆ నీళ్లే తాగేస్తుంది.