సంతలో బైకు పోతే: కమ్యూనిటీ పోలీసింగ్‌పై అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో పోయిన బండి ఆంధ్రాలోని పాతపట్నం చేరడానికి ఎంతోసేపు పట్టదు. అంతలోనే రాష్ట్రం, స్టేషను, కాగితం మీద భాష అన్నీ మారిపోతాయి. ఇలాంటి చోట పోలీసులు, ఊరివాళ్లు కలిసి నేరాలను ఆపే కమ్యూనిటీ పోలీసింగ్ గురించి అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఊళ్లో మీటింగు పెట్టి, కుర్రాళ్లకు వాలీబాల్ పోటీలు జరిపితే చాలు.
వాస్తవం: పరిచయాలు కావాల్సిందే. అసలు పని మాత్రం ఆ తర్వాతే. విడివిడి కేసుల వెనకున్న సమస్యను పట్టుకోవాలని పోలీసు పనిపై పరిశోధన చేసిన అమెరికా ప్రొఫెసర్ హెర్మన్ గోల్డ్‌స్టీన్ 1979లోనే రాశారు. గుర్తించడం, విశ్లేషించడం, చర్య తీసుకోవడం, ఫలితం చూడడం అని ఆ పద్ధతిని తర్వాత ఇతరులు నాలుగు మెట్లుగా చెప్పారు. మన దగ్గర రెండో మెట్టునే దాటేస్తుంటారు.

అపోహ: సంత రోజు గస్తీ పెంచితే బైకు దొంగతనాలు ఆగుతాయి.
వాస్తవం: గస్తీ ఉన్నంతసేపు ఆగొచ్చు. పోలీసులైతే ముందుగా ఒక ఏడాది ఎఫ్‌ఐఆర్‌లు, స్టేషన్ డైరీ, 112 కాల్స్ దగ్గర పెట్టుకోండి. ఒక్కో దొంగతనానికి ఒక్కో వరస: వారం, గంట, బండి నిలిపిన చోటు, మోడల్, హ్యాండిల్ లాక్ వేశారా లేదా, బండి ఎక్కడ దొరికింది. ‘బైకు దొంగతనాలు’ అని రాసుకుంటే ఏమీ తేలదు. ‘సంత రోజు పొద్దున 9 నుంచి 12 మధ్య, పశువుల సంత పక్క ఖాళీ స్థలంలో, తాళం అరిగిన పాత బళ్లు’ అని తేలితే దారి కనిపిస్తుంది. దొంగ, బండి, స్థలం మూడింటిలో సులువుగా మార్చగలిగింది స్థలమే. సంత వేలం పాడుకున్న వ్యక్తితో మాట్లాడి బళ్లు నిలిపే చోటు చుట్టూ తాడు కట్టించండి. ఒకే దారి ఉంచి టోకెన్ పెట్టించండి. టోకెన్ మీద బండి నంబరు తప్పనిసరిగా రాయాలి. లేదంటే చీటీ మార్చి వేరే బండి తీసుకుపోతారు. గ్రామరక్షికి (ఒడిశా ఊళ్లలో పోలీసులకు సాయంగా ఉండే కాపలాదారు), సంతకు వచ్చే తెలుగు రైతులకు ఈ ఏర్పాటు ముందువారమే తెలియాలి.

అపోహ: బండి ఆంధ్రాలో పోతే ఒడిశా స్టేషన్లో ఫిర్యాదు తీసుకోరు.
వాస్తవం: 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా బండి దొంగతనం లాంటి కేసులో ఏ స్టేషనైనా సమాచారం నమోదు చేసుకోవాల్సిందే. నోటిమాటగా చెప్పింది రాసుకుని చదివి వినిపించాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు ఇచ్చేవాళ్లయితే, ఒడియాలో రాసినదాన్ని తెలుగులో చెప్పించుకున్నాకే సంతకం పెట్టండి. బండి నంబరు, ఛాసిస్ నంబరు, సమయం అక్కడే సరిచూసుకోండి.

అపోహ: ఇక్కడ ఆపితే దొంగలు పక్క ఊరికి పోతారు, అంతే తేడా.
వాస్తవం: కొంత తరలొచ్చు, మొత్తం తరలడం అరుదు. ఊహించడమెందుకు? నిరుటి అవే నెలల లెక్కతో పోల్చండి, పాతపట్నం స్టేషన్ లెక్క కూడా పక్కన పెట్టండి. అక్కడ పెరిగితే టోకెన్ ఏర్పాటు ఆ సంతలోనూ పెట్టించాలి.