కండరం ఒంటరిగా లాగదు

కాళ్లు వేలాడేసి కూర్చున్న మనిషి మోకాలిచిప్ప కింది టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) మీద డాక్టరు రబ్బరు సుత్తితో తడితే, పాదం దానంతట అదే ముందుకు ఎగురుతుంది. ఆ తాకిడికి టెండన్ కాస్త నొక్కుకుని, తొడ ముందు కండరాన్ని రవ్వంత సాగదీస్తుంది. కండరం లోపలుండే స్పిండిల్ అనే గ్రాహకాలు ఆ సాగుడును పసిగట్టి వెన్నుపాముకు కబురు పంపుతాయి. అక్కడ ఒకే ఒక్క నాడీసంధి దాటి, ఆజ్ఞ అదే కండరానికి తిరిగొస్తుంది. సుత్తి తగిలిన సుమారు 20 మిల్లీసెకన్లకే కండరంలో విద్యుత్ స్పందన మొదలవుతుంది.

ఇందులో నాడి గురించీ కండరం గురించీ అందరూ చెబుతారు. ఆ సాగుడును స్పిండిల్ దాకా చేర్చిన ఫాసియాను, అంటే కండరాలను చుట్టి ఉండే పీచు పొరలను, మాత్రం వదిలేస్తారు. ఒక్కో కండర తంతువు చుట్టూ ఎండోమైసియం, తంతువుల కట్ట చుట్టూ పెరిమైసియం, మొత్తం కండరం చుట్టూ ఎపిమైసియం అనే, కొల్లాజెన్ (పీచులాంటి ప్రొటీన్) పొరలుంటాయి. చివర్లో ఇవే టెండన్‌లో కలిసిపోతాయి. శవపరీక్ష బల్ల మీద కోసి పక్కన పడేసే పొట్లం కాగితంలా దీన్ని చాలాకాలం చూశారు. అది పెద్ద పొరపాటు. శరీరంలోకెల్లా పొడవైన, తొడలోని సార్టోరియస్ కండరాన్నే చూడండి. దాని తంతువుల్లో చాలావరకు ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగవు, మధ్యలోనే ఆగిపోతాయి. అవి లాగిన బలం ఎండోమైసియం గుండా పక్క తంతువులకు చేరితేనే ఎముక కదులుతుంది.

ఆజ్ఞ వచ్చే దారి కూడా సన్నదే. నాడి కొసకూ తంతువుకూ మధ్య ఖాళీ సుమారు 50 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో 20 వేలో వంతు. దాన్ని అసిటైల్‌కోలిన్ అనే రసాయనం దాటుతుంది. పిక్క కండరంలో ఒక్క నాడీకణం వెయ్యికి పైగా తంతువులను కదిలిస్తే, కనుగుడ్డును తిప్పే కండరాల్లో అది పది, ఇరవై తంతువులకు మించదు. చూపు అంత కచ్చితంగా నిలవడానికి ఇదొక కారణం.

మోకాలి కింది భాగాన్ని గట్టి ఫాసియా నాలుగు గదులుగా విడదీస్తుంది. ఈ గోడలు పెద్దగా సాగవు. అది మేలే: నడిచేటప్పుడు పిక్క కండరం ఉబ్బి, సాగని గోడకు ఒత్తుకోవడం వల్లే సిరల్లోని రక్తం పైకి, గుండె వైపు వెళుతుంది. అయితే ఎముక విరిగి లోపల వాచినప్పుడో, కట్టు మరీ బిగిసినప్పుడో ఆ గోడే శత్రువవుతుంది. గదిలో ఒత్తిడి పెరిగి, రోగి కింది రక్తపోటుకూ దానికీ తేడా 30 మిల్లీమీటర్ల లోపుకు వస్తే కండరానికీ నాడికీ రక్తం చాలదు. గాయానికి మించిన నొప్పి, కాలివేళ్లను ఎవరైనా వంచితే భరించలేకపోవడం, బొటనవేలికీ పక్క వేలికీ మధ్య తిమ్మిరి దీని గుర్తులు. పాదంలో నాడి (పల్స్) కొట్టుకుంటోందని ధైర్యపడకూడదు, చాలాసార్లు అది చివరిదాకా అందుతూనే ఉంటుంది. కట్టు పూర్తిగా విప్పేసి, కాలును గుండె ఎత్తులోనే ఉంచి, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఆరు గంటలు దాటితే కండరం కోలుకోవడం కష్టం. ఫాసియాను నిలువునా కోసి ఒత్తిడి వదిలించడమే దీనికి చికిత్స.

రోజూ ఎదురయ్యే బిగుతు సంగతి వేరు. ఫాసియా పొరల మధ్య హయలురోనన్ అనే జారుడు పదార్థం ఉండే పలుచని జారుడు పొర ఉంటుంది. ఎక్కువసేపు కదలకపోతే పొరలు సులువుగా జారవనీ, కదిలి వేడెక్కితే సర్దుకుంటాయనీ పరిశోధకుల అంచనా. ఫోమ్ రోలర్‌తో (ఒంటి కింద పెట్టి దొర్లించే గట్టి నురుగు గొట్టం) ఫాసియాను కరిగిస్తామనో, సాగదీస్తామనో చెప్పే మాటలు మాత్రం నమ్మొద్దు. తొడ పక్కనుండే దళసరి ఫాసియా రూపం మారాలంటే మనిషి తట్టుకోలేనంత బలం కావాలి. రోలర్ వాడాక కాసేపు కీలు ఎక్కువ వంగడానికి ముఖ్య కారణం నాడీవ్యవస్థ ఆ సాగుడును ఎక్కువగా ఓర్చుకోవడమే. కొన్ని వారాల స్ట్రెచింగ్‌తో వచ్చే లాభంలోనూ దీని వాటాయే పెద్దది.

ఫాసియా నిజంగా బలపడాలంటే బరువు మోయాలి. పొద్దున్నే మంచం దిగగానే మడమ కింద పొడిచినట్టుండే ప్లాంటార్ (అరికాలి) ఫాసియా నొప్పికి ఒక మంచి వ్యాయామం ఉంది. టవల్‌ను చుట్టి మెట్టు అంచున పెట్టి, వేళ్లు పైకి వంగేలా దాని మీద ఆనించండి. వేళ్లు అలా వంగితే అరికాలి ఫాసియా బిగుస్తుంది. ఒంటికాలి మీద మూడు సెకన్లలో మడమ పైకెత్తి, రెండు సెకన్లు నిలిపి, మూడు సెకన్లలో దించాలి. ఇలా 12 సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. తేలికయ్యాక వీపున బరువు సంచి తగిలించుకోవచ్చు. మొదటి వారాల్లో కనిపించే బలం చాలావరకు నాడులు కండరాన్ని మెరుగ్గా వాడుకోవడం వల్ల వచ్చేదే. కొల్లాజెన్ మారడానికి నెలలు పడుతుంది, కాబట్టి కనీసం మూడు నెలలు మానకుండా చేయాలి. నొప్పితో పాటు అరికాలిలో మంట, తిమ్మిరి కూడా ఉంటే చీలమండ లోపలి వైపు నాడి నొక్కుకుంటోందేమోనని ముందు డాక్టరుకు చూపించాలి.